పళ్లు మా అమ్మవి కావు

“మొహం సంగతి నేను గట్టిగా చెప్పలేను మేడమ్,” అన్నాడు డాక్టర్ షుక్రీ. “పళ్లు మాత్రం మా అమ్మవి కావు.”

ఇస్మత్ రద్వాన్ చాలా ఏళ్లు అలెగ్జాండ్రియా పోలీసు శాఖలో పనిచేసి, మోకాళ్లు మొరాయించాక బయటికొచ్చి సొంతంగా అపరాధ పరిశోధన మొదలుపెట్టిన మనిషి. పారిపోయిన భర్తల్ని వెతికి తెచ్చింది. మారుపేర్లతో తిరిగే అల్లుళ్లని పట్టిచ్చింది. తల్లి మొహం కంటే తల్లి పళ్లు బాగా గుర్తున్న కొడుకు తారసపడటం మాత్రం ఇదే మొదలు.

ఇద్దరూ దార్ అన్నసీమ్ వృద్ధాశ్రమం ముందుగదిలో కూర్చుని ఉన్నారు. షుక్రీ పళ్ల డాక్టరు. అందరూ గౌరవంగా దౌలత్ హానిం అనే తన తల్లికి పైవరస, కిందివరస రెండూ తనే స్వయంగా కట్టాడు. తన వృత్తిలో అంతకంటే మంచి పని చేయలేదని అతని నమ్మకం. నిన్న జామకాయల బుట్ట పట్టుకుని తల్లిని చూడటానికొచ్చాడు. మంచం మీదున్న ముసలావిడ ఒక పచ్చికాయ తీసుకుని కసుక్కున కొరికింది. ఆ చప్పుడుకి షుక్రీ వంగి ఆవిడ నోట్లోకి చూశాడు. అవి కట్టుడు పళ్లు కావు. పచ్చగా, వంకరగా, గట్టిగా ఉన్న సొంత పళ్లు.

“మీ అమ్మగారిని ఇక్కడ చేర్చి ఎన్నాళ్లయింది?” అంది ఇస్మత్.

షుక్రీ పైకప్పు వంక చూశాడు. “ఒక నెల. కొంచెం పైన.”

“ఎంత పైన?”

“ఇంకో నెల.”

“చూడటానికి రావడం నిన్నే మొదటిసారా?”

షుక్రీ ఇంకా పైకప్పు వంకే చూస్తున్నాడు. క్లినిక్కులో జనం అని ఏదో గొణిగాడు. అయినా ప్రతి శుక్రవారం తప్పకుండా ఫోన్ చేస్తున్నానన్నాడు. తల్లి మొబైల్లోనే మాట్లాడుతుందట, ఎప్పటిలాగే తిడుతుందట. నిన్న సాయంత్రం కూడా కంగారుపడి ఫోన్ చేశాడు. పండని జామకాయలు ఎవడు తెమ్మన్నాడురా అని చీవాట్లు పెట్టింది. ఎక్కడున్నావమ్మా అని అడిగితే, నువ్వు పెట్టిన చోటే ఉన్నానని చెప్పి పెట్టేసింది. ఇంటికి పరిగెత్తుకెళ్తే తాళం వేసి ఉంది. కాపలావాడు ఆవిణ్ణి చూసి చాలా రోజులైందన్నాడు.

ఇస్మత్ మనసులో జామకాయల మాట అంటుకుపోయింది. ఆ కాయలు పండలేదన్న సంగతి ఇక్కడివాళ్లకి తప్ప తెలియదు. దౌలత్ హానిం ఎక్కడున్నా, ఈ ఇంటి కబుర్లు పూటకి పూట ఆవిడకి చేరుతున్నాయి.

అసలు ఆవిణ్ణి ఇక్కడెందుకు చేర్చారని అడిగితే షుక్రీ గబగబా చెప్పుకొచ్చాడు. ఒకరోజు తల్లి వంటింట్లోంచి గ్యాసు వాసన వస్తోందని కాపలావాడు ఫోన్ చేశాడు. కుటుంబ వకీలు ఉస్తాజ్ లమ్లూమ్ ఆ మాట విని, డెబ్భై తొమ్మిదేళ్ల మనిషికి మతిమరుపు మొదలైతే ఒంటరిగా ఉంచడం ప్రమాదమన్నాడు. మంచి ఆశ్రమం చూస్తాను, మీరు సంతకాలు పెట్టండి చాలన్నాడు. షుక్రీ పెట్టాడు. చేర్చే రోజున కారు తీసుకెళ్లి ఆవిణ్ణి తెచ్చింది కూడా లమ్లూమే.

“మీ అమ్మగారిని అడిగారా?”

“ఏమని?”



ఆశ్రమం నడిపే మేడమ్ సుహైర్‌ది మాట పడే స్వభావం కాదు. తన ఇంట్లో మనిషి మారిపోయిందన్న మాట వినగానే ఆవిడ మొహం కందగడ్డ అయింది. చేరిన నాడు ముసలావిడ తలకి గుడ్డ, కళ్లకి నల్లద్దాలు, మూతికి మాస్కు పెట్టుకుని వచ్చిందనీ, చేతిసంచిలో గుర్తింపు కార్డు ఉందనీ, అందులో దౌలత్ అనే పేరుందనీ ఒక్కొక్కటీ వేలు మడిచి చెప్పింది. కార్డు మీది బొమ్మ చూశారా అంటే, ఆ కార్డుల మీద ఎవరి బొమ్మ ఎవరిలా ఉంటుందని ఎదురు ప్రశ్న వేసింది.

“మా దగ్గర ముసలివాళ్లు మారిపోరు మేడమ్,” అంది చివరికి. “మారిపోయేది కొడుకులు.”

చూడటానికి ఎవరైనా వస్తారా అని ఇస్మత్ అడిగింది. ఇన్షిరాహ్ అని, ఒకే బడిలో పనిచేసిన స్నేహితురాలు ప్రతి మంగళవారం వస్తుందని సుహైర్ చెప్పింది. వంటింటి వైపు నుంచి వస్తుంది, తినేవి తెస్తుంది, తలకి గోరింటాకు పెట్టి వెళ్తుంది, మధ్యలో ఫోన్ చేసి మరీ బాగోగులు కనుక్కుంటుంది. సొంత కొడుకు కంటే నయం, అని షుక్రీకి వినపడేలా అంది.

ఆరోజు మంగళవారమే.

మేడమీది గదిలో ముసలావిడ మంచం మీద బాసింపట్టు వేసుకుని పుచ్చగింజలు కొరుకుతోంది. చిన్న మనిషి, చురుకైన కళ్లు, ఎర్రగా పండిన జుట్టు. ఇస్మత్ పేరు అడగగానే చదువు అప్పజెప్పే పిల్లలా నిటారుగా కూర్చుంది.

“నేను దౌలత్‌ని. లెక్కల టీచర్ని. నాకొక్కడే కొడుకు. పళ్ల డాక్టరు. గాడిద.”

గుమ్మం దగ్గర షుక్రీ గొంతు సవరించుకున్నాడు. ఇస్మత్ నవ్వు ఆపుకుని, ఏడెనిమిదులు ఎంతని అడిగింది. ముసలావిడ ఆమెని జాలిగా చూసింది.

“ఇంత వయసొచ్చింది, ఇంకా నేర్చుకోలేదా అమ్మాయీ?”

ఆ జవాబుకి తిరుగు లేదు గనక ఇస్మత్ గది సోదా మొదలుపెట్టింది. తువ్వాలు అంచున గోరింటాకు మరక. అలమారాలో నాలుగు గౌన్లు. అన్నీ ఖరీదైనవి, అన్నీ పొడుగు మనిషివి. కింద అంచులు మడిచి పొట్టి చేశారు, కానీ ఆ కుట్టు చూస్తే కోడి గీరినట్టుంది. వంకర టింకర దారం, ఒకచోట పోగు తెగి వేలాడుతోంది. ఇస్మత్ గౌను పట్టుకుని నిలబడి ఉండగా ముసలావిడ లేచి వచ్చి ఆమె కోటు చెయ్యి పట్టుకుంది. మణికట్టు దగ్గర ఊడిన అంచుని రెండు వేళ్లతో తిప్పి చూసింది. ఆ వేళ్లకి ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్టయింది.

“ఇది ఎవరు కుట్టారు? బట్టని ఏటవాలుగా కత్తిరించి నిలువు కుట్టు వేస్తే నిలుస్తుందా? విప్పి మళ్లీ కుట్టించుకో.”

ఇస్మత్‌కి సగం సంగతి అక్కడే తెలిసింది. ఈవిడ జీవితంలో లెక్కలు చెప్పలేదు. కుట్టుపని నేర్పింది. ఆ గౌన్ల అంచులు మడిచినది ఎవరో గానీ, సూది పట్టడం అసలు రానివాళ్లు.

“జుట్టు బాగా పండింది. ఎవరు పెట్టారు?”

“ఇన్షిరాహ్.”

“ఆవిడ ఎవరు?”

ముసలావిడ చాలాసేపు ఆలోచించింది. ఏదో ఒడ్డుకి చేరబోయి మళ్లీ వెనక్కి జారిపోయినట్టు ఆ కళ్లు చెదిరాయి. “మంచిది,” అంది. “పాపం, దానికెవరూ లేరు. నేనున్నానులే.”

మెట్లు దిగుతూ ఇస్మత్ షుక్రీని ఇన్షిరాహ్ గురించి అడిగింది. చిన్నప్పుడు తన నిక్కర్లకి మాసికలు వేసిన ఇన్షిరాహ్ పిన్ని అని అతను వెంటనే పోల్చుకున్నాడు. అమ్మ బడిలోనే కుట్టు టీచరు. పెళ్లి కాలేదు, నా అన్నవాళ్లు లేరు. మరి పైనున్న ఆవిడ మొహం గుర్తు పట్టలేదేమని అడిగితే, ఆవిడ పళ్లు తనెప్పుడూ చూడలేదన్నాడు.

కింద ఉస్తాజ్ లమ్లూమ్ సిద్ధంగా ఉన్నాడు. ఆయన రాకముందే ఆయన అత్తరు వచ్చి గదంతా పరుచుకుంది. కబురు ఎవరు పెట్టారో గానీ మనిషి చాలా ప్రశాంతంగా ఉన్నాడు. న్యాయస్థానంలో నిలబడ్డట్టే గ్రాంథికంగా మాట్లాడాడు. డాక్టరుగారు పనిభారంతో అలసిపోయారనీ, కన్నతల్లిని గుర్తించలేకపోవడం విచారకరమే గానీ నేరం కాదనీ సెలవిచ్చాడు.

“మరి పళ్లో?” అంది ఇస్మత్.

“భగవంతుని కృపకు అవధి లేదు మేడమ్.”

“డెబ్భై తొమ్మిదో ఏట మొలిపించేంత కృపా?”

లమ్లూమ్ చిరునవ్వు చెక్కు చెదరలేదు. పోలీసు ఉద్యోగం వదిలిన వారికి ఇక్కడ ప్రశ్నలడిగే అధికారమేదని అడిగాడు. కొడుకు తన తల్లి గురించి అడుగుతున్నాడు, నేను అతని గొంతుని మాత్రమేనని ఇస్మత్ బదులిచ్చింది. అప్పుడాయన అసలు బాణం తీశాడు. ముగ్గురు ప్రభుత్వ డాక్టర్లు స్వయంగా వచ్చి దౌలత్ హానింని పరీక్షించి, ఆవిడకి మతి నిలకడ లేదని తేల్చారట. ఇక కోర్టు తీర్పే తరువాయి అట.

“ఏ కోర్టు?” అన్నాడు షుక్రీ.

లమ్లూమ్ అతని వంక లాలనగా చూశాడు. ఆస్తి వ్యవహారాలు చూసుకోలేని స్థితిలో ఉన్న పెద్దవారికి కోర్టు ఒక సంరక్షకుణ్ణి నియమిస్తుందనీ, ఆ పిటిషన్ మీద డాక్టరుగారే సంతకం చేశారనీ గుర్తుచేశాడు. షుక్రీ కుర్చీలోంచి లేచాడు. ఆశ్రమంలో చేర్చే కాగితాలన్నారు కదా అన్నాడు. అవి కూడా అందులో ఉన్నాయన్నాడు లమ్లూమ్.

“మీకెందుకు శ్రమ అని, ఆ సంరక్షకుడి భారం నేనే మోస్తానని కోర్టుకు విన్నవించాను. మీరు క్లినిక్కు చూసుకోండి.”

ఇస్మత్ లేచి నిలబడింది. మోకాళ్లు కటకటలాడాయి, గొంతు మాత్రం కటకటలాడలేదు. పైనున్న ఆవిడ దౌలత్ కాదని తేలితే ఆ డాక్టర్ల మాటా చెల్లదు, మీ పిటిషనూ చెల్లదు, బహుశా మీ నల్లకోటు కూడా చెల్లదని చెప్పింది.

“తేల్చండి,” అన్నాడు లమ్లూమ్. “దౌలత్ హానిం పైన లేకపోతే, ఎక్కడున్నారో చూపండి.”

అత్తరు వాసన వదిలి ఆయన వెళ్లిపోయాడు.

ఇస్మత్ పందెం కట్టినట్టు నవ్వుకుంది. షుక్రీని తీసుకెళ్లి దుప్పట్లు పెట్టే గదిలో కూర్చోబెట్టి, తను పిలిచేదాకా తుమ్మడానికి కూడా వీల్లేదంది. తర్వాత వంటింటి వెనక గుమ్మం దగ్గర ఒక ముక్కాలిపీట వేసుకుని, వంటామె ఇచ్చిన పుదీనా టీ తాగుతూ కూర్చుంది.

కాసేపటికి పెరటి తలుపు తోసుకుని ఒక పొడుగాటి ముసలావిడ వచ్చింది. ఒక చేతిలో గోరింటాకు కలిపిన గిన్నె, రెండో చేతిలో బస్బూసా మిఠాయి డబ్బా. వంటామెని పేరుపెట్టి పలకరించి నవ్వింది. ఆ నవ్వు చూసి ఇస్మత్ టీ గ్లాసు కింద పెట్టేసింది. ముడతలు పడిన ఆ మొహంలో రెండు వరసల పళ్లు పెళ్లికూతురి పళ్లలా తళతళలాడుతున్నాయి. కొడుకు తన పనితనం గురించి గొప్పలు చెప్పుకోవడంలో తప్పు లేదనిపించింది.

ఇస్మత్ తొందరపడలేదు. వెనకాలే మేడెక్కి, ఆవిడ స్నేహితురాలి జుట్టు పాయలుగా విడదీసి గోరింటాకు పట్టించి, తలకి గుడ్డ చుట్టి, ఎండ పడే వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టేదాకా చూస్తూ నిలబడింది. మధ్యలో ఒకసారి ముసలావిడ కుర్చీలోంచి తల తిప్పి, బడి గంట కొట్టారా అని అడిగింది. ఇంకా కొట్టలేదని, హాయిగా కూర్చోమని పొడుగాటి ఆవిడ నుదురు తుడిచింది. ఆ తర్వాత ఇస్మత్ ఆవిడ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా పలకరించింది.

“కుట్టుపని మీకు బొత్తిగా రాదు, దౌలత్ హానిం.”

ఆవిడ ఉలిక్కిపడలేదు. గోరింటాకు చేతులు గిన్నె అంచుకి తుడుచుకుంది. “ఎప్పుడూ రాలేదు,” అంది. “అది మా ఇన్షిరాహ్ పని. వాడు పంపాడా నిన్ను?”

దుప్పట్ల గదికి వెళ్తూ ఆవిడ దాచకుండా చెప్పింది. తను ఇప్పుడుంటున్నది ఇన్షిరాహ్ ఇంట్లోనే. ఇన్షిరాహ్‌కి మతిమరుపు మొదలై రెండేళ్లయింది. ఆరోజు తన వంటింట్లో గ్యాసు తిప్పి వదిలేసింది కూడా ఇన్షిరాహే. దానికోసం తను నాలుగు ఆశ్రమాలు తిరిగింది. పూచీ ఉండే కొడుకో కూతురో లేకపోతే చేర్చుకోం అన్నారు. అదే వారం షుక్రీ ఫోన్ చేసి, అమ్మా నీ పెట్టె సర్దుకో, కారొస్తుందన్నాడు.

“వాడికి ఒక ముసలమ్మని మంచి చోట పెట్టాలని ఉంది. ఇచ్చాను.”

ఇస్మత్‌కి నవ్వాగలేదు. ఈ ఉపాయం ఎవరిదని అడిగింది.

“నాదే,” అంది దౌలత్ హానిం వెంటనే. గొంతులో లెక్కల టీచరు గర్వం.

తలుపు తీసేసరికి షుక్రీ దుప్పట్ల దొంతర మీంచి లేవబోయి, దొంతరతో సహా కింద పడ్డాడు. తెల్లటి దుప్పట్లలోంచి తల బయటపెట్టి తల్లిని చూశాడు. ముందు నోటివంక చూశాడు, తర్వాత మొహం వంక. ఏడుపు ముంచుకొచ్చింది. ఒక్క మాట నాతో చెప్పలేకపోయావా అమ్మా అన్నాడు.

“నువ్వు నన్ను ఒక్క మాట అడిగావట్రా?”

 దౌలత్ హానిం చెయ్యి చాపి అతన్ని లేపబోయి, అరచేతి నిండా గోరింటాకు ఉందని గుర్తొచ్చి ఆగింది. షుక్రీ ఆ చెయ్యే పట్టుకుని లేచాడు. చొక్కా చేతికి ఎర్రటి మరక అంటుకుంది. ఇద్దరూ చూసుకోనట్టే ఊరుకున్నారు.

ఇస్మత్‌కి ఆ ముచ్చట పాడుచేయడం ఇష్టం లేకపోయింది గానీ తప్పలేదు. డాక్టర్లు వచ్చి ఇన్షిరాహ్‌ని పరీక్షించారనీ, ఆవిడ మతి దౌలత్ పేరుతో కోర్టుకి చేరిందనీ చెప్పింది. రేపు తీర్పు వస్తే మీ ఇల్లు మీరు అమ్మలేరు, అద్దెకివ్వలేరు, ఎక్కడుండాలో కూడా మీ అంతట మీరు తేల్చుకోలేరు, అన్నిటికీ ఇంకొకరి సంతకం కావాలంది. దౌలత్ హానిం మొహంలో నవ్వు మాయమైంది.

“ఆ కోర్టు నోటీసు నాకు రాలేదే.”

“దౌలత్ పేరుతో ఇక్కడికే వచ్చి ఉంటుంది. ఇన్షిరాహ్ గారు దాంట్లో పుచ్చగింజల తొక్కలు పోసుకుని ఉంటారు.”

ఆవిడ షుక్రీ వైపు తిరిగింది. సంతకం పెట్టే ముందు చదవాలని నీకు ఎన్నోక్లాసులో నేర్పానురా అని మాత్రం అంది ఆవిడ. ఇప్పుడే కోర్టుకి వెళ్లి నేనే దౌలత్‌నని నిలబడతానంది. చేతిసంచి తెరిచి కార్డు తీసింది. తీసి, దాని వంక చూస్తూ ఉండిపోయింది. అది ఇన్షిరాహ్ కార్డు. తనది ఇన్షిరాహ్ సంచిలో ఉంది. వేరొకరి కార్డు పట్టుకుని నేను దౌలత్‌నంటే, మతి చలించిందనడానికి ఇంకో డాక్టరు అక్కర్లేదు.

“పైకి పదండి,” అంది ఇస్మత్. “ముందు ఆ కార్డు తెచ్చుకుందాం.”

వసారాలో కుర్చీ ఖాళీగా ఉంది. చేతిసంచి లేదు. నేల మీద గోరింటాకు చుక్కలు గుమ్మం దాకా, గుమ్మం నుంచి ముందు మెట్ల దాకా పడి ఉన్నాయి. ఇస్మత్ మోకాళ్ల సంగతి మరిచిపోయి ఆ చుక్కల వెంట దిగింది. అత్తరు వాసన ముక్కుకి తగిలింది.

మేడమ్ సుహైర్ తన గదిలోంచి తీరిగ్గా బయటికొచ్చింది. జడ్జిగారు ముసలావిణ్ణి స్వయంగా చూడాలన్నారట, విచారణ ఇవాళేనట, వకీలుగారు కారులో ఎక్కించుకుని ఇప్పుడే వెళ్లారంది. తల నిండా గోరింటాకు ఉంది కదా, కడిగి పంపుతానంటే, అలాగే ఉండనివ్వండి, జడ్జిగారికి సంగతి త్వరగా అర్థమవుతుందన్నారట.

“ఒక్కటే విచిత్రం,” అంది సుహైర్. “ఆవిడ లేవనని మొరాయించింది. అప్పుడు వకీలుగారు వంగి, రండి ఇన్షిరాహ్ టీచర్, బడికి వేళయిందన్నారు. వెంటనే లేచి చెయ్యి పట్టుకుని నడిచింది. పేరు నోరు జారిందేమో అనుకున్నాను.”

 లమ్లూమ్‌కి ఆ పేరు ఎలా తెలుసునన్నాడు షుక్రీ. ఇన్షిరాహ్ పిన్ని సంగతి ఆయన దగ్గర తనెప్పుడూ ఎత్తలేదన్నాడు.

ఇస్మత్ దౌలత్ హానిం వైపు తిరిగింది. ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. కాసేపటి క్రితం గొంతులో ఉన్న గర్వం ఇప్పుడు ఎక్కడా లేదు.

“నేనే చెప్పాను,” అంది. “నీ దగ్గర అబద్ధమాడాను అమ్మాయీ. ఆ ఉపాయం నాది కాదు. మీ అబ్బాయి తరఫు వాణ్ణే అయినా మీ మేలు కోరి చెబుతున్నానని మా ఇంటికొచ్చి, నా చేతి కాఫీ తాగి, మీకు బదులు మీ స్నేహితురాలిని పంపమని చెప్పింది ఆయనే.”